నల్ల సిరాలో ఇనుము

ఇంట్లో తాతముత్తాతల నాటి కాగితాలు భద్రపరచుకున్న చదువరులు ఈ నెల ముచ్చటను కాస్త నిదానంగా చదవవలెనని మనవి. పాత దస్తావేజు గాని, చిట్టా పుస్తకం గాని, పెళ్ళినాటి శుభలేఖ వెనుక రాసిన కానుకల జాబితా గాని వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. రాసిననాడు నల్లగా వున్న అక్షరాలు ఇప్పుడు ఇటుకరంగుకు తిరిగి వుంటాయి. కలం వొత్తి రాసిన చోట కాగితం వెనుకవైపు కూడా మరక కనబడుతుంది. మరికొన్నింటిలో అక్షరమున్న మేర కాగితమే రాలిపోయి, ఆ అక్షరం ఆకారంలోనే కన్నం పడివుంటుంది. మనవాళ్ళు దీన్ని చూసి చెదలు కొట్టిందంటారు. చెదపురుగుకు అక్షరజ్ఞానం లేదు గదా! "క" వున్న చోట "క" ఆకారంలోనే తినిపోవడం దానికి చేతగాదు. తిన్నది సిరా. సిరాలో వున్న ఇనుము.

మన దేశంలో నల్ల సిరాలు ముఖ్యంగా రెండు జాతులు. ఒకటి మసి సిరా. దీపం మీద మూకుడు బోర్లించి పట్టిన మసిని జిగురుతో నూరి నీళ్ళలో కలిపేవారు. తాటాకుల మీద గంటంతో గీసిన గీతలలోకి రుద్దేది కూడా మసే. మసి అంటే బొగ్గు. దానికి ఎవరితోనూ స్నేహమూ లేదు, వైరమూ లేదు. అందుచేత వందలయేళ్ళు గడిచినా నల్లగానే వుంటుంది, తానున్న ఆకుకు కీడు చేయదు. దాని లోపం ఒక్కటే. అది కాగితం మీద కూర్చుంటుందే గాని లోపలికి దిగదు. తడిబట్టతో తుడిస్తే చాలావరకు పోతుంది. ఋణపత్రం మీది అంకెలు తడిబట్టకు పోయేటట్టుంటే కచేరీలు నడిచేదెట్లా?

రెండవది కరక్కాయ సిరా. దీనికి కావలసినవి కరక్కాయలు, అన్నభేది, తుమ్మబంక, నీళ్ళు. కరక్కాయను కన్నడంలో అళలెకాయి అంటారు, అరవంలో కడుక్కాయ్ అంటారు గాని, అన్నభేది మాత్రం మూడు భాషల్లోనూ ఇంచుమించు అన్నభేదియే. పచారీ కొట్టులో దొరికే లేత ఆకుపచ్చ స్ఫటికాలవి. రసాయనశాస్త్రంలో దాని పేరు ఫెర్రస్ సల్ఫేటు, అంటే ఇనుమూ గంధకామ్లమూ కలిసి యేర్పడిన లవణం. ఐరోపా ఖండంలో కరక్కాయకు బదులు మాచికాయ వాడేవారు. ఆ సిరాతోనే వారి దొరతనం, వర్తకం, సంగీతం, మతగ్రంథాలు వందల సంవత్సరాలు నడిచాయి.

ఈ సిరా పుట్టడం చూడదలచినవారు ఇంట్లోనే చూడవచ్చును. రెండు మూడు తుప్పు మేకులను వెనిగారులో రెండు రోజులు నాననివ్వండి. ఆ నీరు లేత పసుపుగానో కాస్త ఎర్రగానో వస్తుంది. ఒక గాజుగ్లాసులో పాలు చక్కెర లేని టీ డికాక్షను పోసి, అందులో ఈ ఇనుపనీరు పది చుక్కలు వేయండి. చూస్తుండగానే గ్లాసు కాటుకలాగా నల్లబడుతుంది. తాగడానికి కాదు సుమా, పిల్లలకు అందనివ్వక పారబోయండి. ఇనుప మూకుట్లో ఉసిరికాయ వేయిస్తే పచ్చడి నల్లబడడమూ, పాత ఇనుపకత్తికి అరటిపువ్వు వొలిస్తే కత్తీ చేతులూ నల్లబడడమూ ఇదే కథ.

లేత రంగు నీటిలో ఎరుపు డికాక్షను కలిస్తే నలుపు యెక్కడినుంచి వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కొంచెం దూరం పోయి రావలసి వుంటుంది.

మన వంటింట్లోనూ మందుల డబ్బాలోనూ వున్న లవణాలను ఒకసారి తలచుకోండి. ఉప్పు తెలుపు. సున్నం తెలుపు. పటిక తెలుపు. వంటసోడా తెలుపు. సోడియం, కాల్షియం, అల్యూమినియం, మెగ్నీషియం వంటి లోహాల లవణాలు సాధారణంగా ఇట్లా తెల్లగానే వుంటాయి. మరి మైలుతుత్తం చూడండి, నెమలి మెడ నీలం. అది రాగి లవణం. అన్నభేది ఆకుపచ్చ. బావిలో వేసే పర్మాంగనేటు వంకాయ రంగు. అది మాంగనీసు. నికెలు లవణాలు ఆకుపచ్చ, కోబాల్టు లవణాలు గులాబి, క్రోమియం లవణాలు పచ్చవీ ఆకుపచ్చవీ నారింజవీ. మూలకాల పట్టికలో ఇవన్నీ మధ్యభాగంలో ఒకదాని పక్కన ఒకటి కూర్చున్న లోహాలు. వీటిని పరివర్తన లోహాలంటారు. వీటి పరమాణువులలో ఎలక్ట్రానులు వుండే అరలలో "డి" అర అనేదొకటి సగం సగం నిండి వుంటుంది. ఆ అర నిండుగా వుంటే ఈ వేషాలుండవు. ఆ వరుసకు చివరనున్న జింకు లవణాలలో ఆ అర పూర్తిగా నిండినందువల్లనే జింకు సల్ఫేటు మళ్ళీ ఉప్పులాగా తెల్లగా వుంటుంది.

అయితే రంగు కేవలం లోహానిది కాదు. మైలుతుత్తాన్ని పెంకు మీద కాలిస్తే నీరంతా పోయి తెల్లని పొడి అవుతుంది. రాగి యెక్కడికీ పోలేదు. దాన్ని చుట్టుకుని వున్న నీరు పోయింది. ఆ పొడి మీద నాలుగు చుక్కల నీరు చల్లితే నీలం తిరిగి వస్తుంది. దానికి అమ్మోనియా ద్రవం చేరిస్తే ఇంకా చిక్కని, చూడ ముచ్చటైన ముదురునీలం వస్తుంది. ఎందుకంటే నీటి అణువులను తప్పించి వాటి స్థానంలో అమ్మోనియా అణువులు కూర్చున్నాయి. రాగి ఒకటే, చుట్టూ చేరిన పరివారం మారింది. ఇట్లా ఒక లోహపు అయాను నడుమ వుండి, దాన్ని కొన్ని అణువులో అయానులో పట్టుకుని చుట్టూ కూర్చుంటే, ఆ మొత్తానికి సంక్లిష్ట అయాను అని పేరు.

ఈ కూర్చోవడంలో ఒక లెక్క వున్నదని కనిపెట్టినవాడు ఆల్ఫ్రెడ్ వెర్నర్. ఆల్సేసులోని ముల్‌హౌస్ నగరంలో 1866లో పుట్టి, స్విట్జర్లాండులోని జూరిచ్‌లో ఆచార్యుడైనాడు. అప్పట్లో కోబాల్టు క్లోరైడూ అమ్మోనియా కలిసిన పదార్థాలు కొన్ని శాస్త్రజ్ఞులను తెగ తికమక పెడుతున్నవి. ఒక కోబాల్టుకు మూడు క్లోరినులు అన్నింటిలోనూ సమానమే, అమ్మోనియాలు మాత్రం ఆరో, అయిదో, నాలుగో వుంటాయి. ఆరున్నది పసుపు, అయిదున్నది ఊదా, నాలుగున్నది ఆకుపచ్చ. వీటి ద్రావణాలలో వెండి లవణపు నీరు పోస్తే, మొదటిదానిలో మూడు క్లోరినులూ తెల్లని మడ్డిగా దిగిపోతాయి. రెండవదానిలో రెండే దిగుతాయి. మూడవదానిలో ఒక్కటే. మిగిలినవి యేమైనట్లు?

డెన్మార్కు దేశస్థుడైన జోర్గెన్‌సన్ అనే పండితుడు ఈ పదార్థాల మీద ఎన్నో సంవత్సరాలు పనిచేసి, అమ్మోనియాలు గొలుసుకట్టుగా వేలాడుతూ వుంటాయన్నాడు. వెర్నర్ 1893లో, అప్పటికి ఇరవయ్యారేళ్ళవాడు, వేరు మాట చెప్పాడు. కోబాల్టు నడుమ వుంటుంది. దాని చుట్టూ ఆరు పీటలు, నాలుగు దిక్కులా నాలుగు, పైన ఒకటి, కింద ఒకటి. ఆరు అమ్మోనియాలున్నప్పుడు పీటలన్నీ వాటివే, మూడు క్లోరినులూ బయట తిరుగుతుంటాయి, వెండి పిలిస్తే పోతాయి. అయిదే అమ్మోనియాలున్నప్పుడు ఒక పీట ఖాళీగా వుండదు, ఒక క్లోరిను వచ్చి కూర్చుంటుంది. కూర్చున్నవాడు పిలిచినా రాడు. నాలుగున్నప్పుడు ఇద్దరు కూర్చుంటారు, ఒక్కడే బయట. లెక్క సరిపోయింది. పోట్లాట మాత్రం అంతటితో ఆగలేదు, చాలా ఏళ్ళు నడిచింది. చివరకు వెర్నరుకు 1913లో నోబెలు బహుమతి వచ్చింది. పాపం, 1919లోనే పోయాడు. జోర్గెన్‌సన్ తయారుచేసిపెట్టిన పదార్థాలు లేకపోతే వెర్నరుకు లెక్కపెట్టడానికి యేమీ వుండేది కాదని కూడా చెప్పుకోవడం న్యాయం.

పీట మీద కూర్చోవడం వేరు, పట్టుకోవడం వేరు. కొన్ని అణువులకు రెండు చేతులుంటాయి. అవి ఒకే లోహాన్ని రెండువైపులా పట్టుకుంటాయి. ఎండ్రకాయ కొండికి గ్రీకుభాషలో వున్న మాటను తీసుకుని శాస్త్రజ్ఞులు దీనికి కీలేటు అని పేరు పెట్టారు. మనమైతే ఉడుంపట్టు అని వుందుము. కరక్కాయలో, టీ ఆకులో, మాచికాయలో వున్న వగరు పదార్థమైన టానిను సరిగ్గా ఇట్లాంటిది. దాని అణువులో పక్కపక్కనే వున్న ఆమ్లజని చేతులు ఇనుమును ఉడుంపట్టు పడతాయి. పట్టుకున్న తరువాత వెలుతురు దాని మీద పడితే, టానిను నుండి ఇనుములోకి ఎలక్ట్రాను దూకుతుంది. ఆ దూకుడుకు కావలసిన శక్తిని వెలుతురులోని రంగులన్నింటి నుండీ గుంజుకుంటుంది. కంటికి చేరేందుకు రంగే మిగలదు. అదే నలుపు.

ఈ పట్టు యెంత గట్టిదంటే, లోహాన్ని పట్టుకున్నవారి స్వభావం కూడా మారిపోతుంది. 2019లో, పాకెట్టు ఉప్పులో సయనైడున్నదని ఒక వార్త దేశమంతా తిరిగి ఇల్లాళ్ళను భయపెట్టింది. ఉప్పు గడ్డకట్టకుండా చాలా కొద్దిపాటిగా పొటాషియం ఫెర్రోసయనైడు కలపడానికి అనుమతి వున్న మాట నిజమే. అందులో ఆరు సయనైడులున్న మాటా నిజమే. కాని ఆ ఆరింటినీ నడుమనున్న ఇనుము కదలనివ్వదు. విడి సయనైడు చిటికెడు చాలు ప్రాణం తీయడానికి. ఇనుము చేతికి చిక్కిన సయనైడు కడుపులోకి పోయినా చాలావరకు వచ్చిన దారినే పోతుంది. పేరు చూసి బెదిరిపోకుండా, ఆ పదార్థం విడిగా వున్నదా, పట్టులో వున్నదా అని అడగడం ఈ శాస్త్రం నేర్పే మంచి అలవాటు.

ఇనుము మాత్రలు వేసుకునే ఆడవారికి కూడా ఇందులో ఒక మాట వున్నది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేను నుండి నలభైతొమ్మిదేళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత వున్నట్లు తేలింది. భోజనంతోపాటు టీ తాగితే, గ్లాసులో సిరా తయారైనట్లే కడుపులోనూ టానిను ఇనుమును పట్టేసుకుంటుంది. ఇనుము ఒంటికి పట్టకుండా పోతుంది. మాత్రకూ టీకీ మధ్య కనీసం ఒక గంటైనా ఎడం వుంచడం మేలు. నిమ్మరసం, ఉసిరి తోడైతే ఇనుము బాగా పడుతుంది.

మళ్ళీ కాగితం దగ్గరకు వద్దాం. సీసాలో వున్న కొత్త సిరా అంత నల్లగా వుండదు. అందులోని ఇనుము అప్పటికి రెండు ఎలక్ట్రానులను మాత్రమే పోగొట్టుకున్న ఫెర్రస్ ఇనుము. దాన్ని టానిను పట్టుకున్నా రంగు రాదు, నీళ్ళలో కరిగే వుంటుంది. అందుకే అది కలంలోంచి సాఫీగా జారి కాగితం నారలోకి ఇంకుతుంది. అక్కడ గాలి తగిలి మూడవ ఎలక్ట్రాను కూడా పోయి ఫెర్రిక్ అవుతుంది. అప్పుడు నల్లబడి, నారలోనే గట్టిపడి, ఇక నీటికి లొంగదు. రాసిననాటికంటె మరునాడు నల్లగా కనిపించే సిరా ఇది. రాసేటప్పుడు కనబడాలి గనుక అందులో నీలం రంగు కూడా కలిపేవారు. బ్లూ బ్లాక్ అనే పేరు దానికి అట్లా వచ్చింది. నీలంగా రాస్తే నల్లగా మిగిలేది.

కచేరీలకు ఇంతకంటె కావలసినదేమున్నది? మోసగాళ్ళకు మాత్రం చిక్కు వచ్చిపడింది. వారూ ఊరుకోలేదు. ఆక్జాలిక్ ఆమ్లం తెచ్చి అద్దేవారు. టానిను కంటె దానికి ఇనుము మీద పట్టు ఎక్కువ. ఇనుమును టానిను చేతిలోంచి లాక్కుని కరిగిపోయి లేత రంగు నీరైపోతుంది. అంకె మాయం! గుడ్డల మీది తుప్పు మరకలను నిమ్మకాయ ఉప్పుతో పోగొట్టడం కూడా ఇదే ఉపాయం. కాని నారలోకి దిగిన ఇనుమంతా ఎన్నటికీ రాదు. ఇందాకటి ఫెర్రోసయనైడునే ఆ చోట కొద్దిగా ఆమ్లంతో అద్దితే, దాగివున్న ఇనుముతో కలిసి ముదురునీలం రంగు లేస్తుంది. మాయమైన అంకె నీలం వేషంతో మళ్ళీ సాక్ష్యానికి వస్తుంది. ఇంగ్లండు దేశంలో చార్లెస్ బ్లాగ్డెన్ అనే ఆయన మాసిపోయిన పాత రాతలను ఈ విధంగా చదవవచ్చునని 1787లోనే ప్రకటించాడు. నాకు ఈ శాస్త్రం మొత్తంలో బాగా నచ్చిన ఘట్టం ఇదే. గుమాస్తాను గనుక కాబోలు. ఆ తరువాతి కాలంలో పండితులు ఆత్రంకొద్దీ అట్లాంటి ద్రవాలు పూసి మంచి మంచి ప్రతులను పాడుచేశారు. ఇప్పుడు ఆ పూతలతో పనిలేదు. అతినీలలోహిత కాంతిలో చూస్తే కాగితం వెలుగుతుంది, ఇనుమున్న చోటు నల్లగా కనబడుతుంది.

ఇక కాగితాన్ని తినే సంగతి. టానినుకు పట్టు దొరకని ఇనుమే ఇందులో దోషి. అన్నభేదిలోని ఇనుమును టానిను తీసుకోగానే గంధకామ్లం విడిగా మిగులుతుంది. ఆమ్లం కాగితపు నారను మెల్లగా తెంపుతుంది. అంతకంటె పెద్ద చేటు, పాళ్ళు తెలియక అన్నభేది ఎక్కువ వేసినప్పుడు వస్తుంది. పాత సిరాలలో చాలావాటిలో అట్లా ఎక్కువే వుండేది. యే టానినూ పట్టుకోని ఆ అదనపు ఫెర్రస్ ఇనుము నారలో విడిగా తిరుగుతూ, గాలిలోని ఆమ్లజనినీ తేమనూ రెచ్చగొట్టి నారను కొరికిస్తుంది. ఒకసారి కొరికించి, తన మొదటి రూపానికి వచ్చి, మళ్ళీ కొరికిస్తుంది. పని జరుగుతున్నకొద్దీ తాను మాత్రం అరగదు. అందుకే నూరేళ్ళు గడిచినా ఆ పని ఆగదు. జర్మనీలో ష్లుటిగ్, నాయ్‌మన్ అనేవారు 1890లో ప్రకటించిన సిరాలో పాళ్ళు బహు జాగ్రత్తగా తూచారు. లీటరుకు అన్నభేది 30 గ్రాములు, టానిను 23.4 గ్రాములు, గాలిక్ ఆమ్లం 7.7 గ్రాములు. మన ఇళ్ళలో గుప్పెడు కరక్కాయలకు గుప్పెడు అన్నభేది అని వేసినవారు తూకాలు చూసి వుంటారని నేననుకోను.

ఈ బాధ మనకొక్కరికే కాదు. జర్మనీ సంగీతవేత్త బాఖ్ స్వహస్తంతో రాసుకున్న స్వరాల కాగితాలు బెర్లిను గ్రంథాలయంలో ఇట్లాగే చిల్లులు పడ్డాయి. గుండ్రని స్వరబిందువులలో సిరా నిండుగా వుంటుంది గదా, అవే ముందు రాలినవి. మన వైపున శ్రీకాళహస్తి, మచిలీపట్నం కలంకారీ గుడ్డల నలుపు కూడా కరక్కాయ, ఇనుముల కాపురమే. ముందు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతారు. తుప్పు ఇనుమును బెల్లపు నీటిలో పులియబెట్టి తీసిన ద్రవంతో గీత గీయగానే ఆ గీత నల్లబడుతుంది. సముద్రాలు దాటి పోయిన రెండు మూడు వందలయేళ్ళ నాటి అద్దకపు గుడ్డలలో ఎర్రని పువ్వు నిక్షేపంగా వుండి, దాని చుట్టూ వున్న నల్లని అంచుగీత మాత్రం చివికి పోయివుండడం చాలాచోట్ల కనబడుతుంది. ఎరుపుకు ఆధారం పటిక. పటికలోని అల్యూమినియానికి ఈ కొరికించే గుణం లేదు.

దీనికి మందు వెదికినవారిలో హాలండు దేశస్థుడైన నేవెల్ ముఖ్యుడు. విడిగా తిరిగే ఇనుమును పట్టుకోవడానికి టానిను కంటె తగిన జీతగాడు యెవడా అని చూస్తే, తవుడులోనూ పప్పుధాన్యాలలోనూ వుండే ఫైటిక్ ఆమ్లం కనబడింది. దాని కాల్షియం లవణంలో కాగితాన్ని నానబెడితే ఫైటేటు వచ్చి ఇనుమును నలువైపులా కమ్ముకుని, ఆమ్లజనితో జతకట్టనివ్వదు. ఆ తరువాత మరొక ద్రావణంతో ఆమ్లాన్ని కూడా విరుస్తారు. ఇది 1990ల నాటి పని, ఇప్పుడు పెద్ద గ్రంథాలయాలలో వాడుకలో వున్నది. ముందుగా కాగితంలో విడి ఇనుము వున్నదా లేదా అని చూడడానికి ఒక సన్నని పట్టీ వున్నది. తడిపి అక్షరం మీద అద్దితే, పట్టీలోని పదార్థం అణువులు మూడేసి చేరి ఒక్కొక్క ఫెర్రస్ ఇనుమును చుట్టుముట్టి ముదురుగులాబి రంగు చూపిస్తాయి. దొంగను పట్టేదీ సంక్లిష్ట అయానే, కాపలా కాసేదీ సంక్లిష్ట అయానే. ఇవన్నీ చేయి తిరిగినవారు చేయవలసినవి. ఇంట్లో తవుడు నీళ్ళు చల్లితే కాదు.

మా మేనమామగారింట ఒక పంపకపు కాగితం వున్నది. ఆయన ముత్తాతలు నెల్లూరు సీమ నుండి హోసూరు ప్రాంతానికి వచ్చిన రెండవ తరంలో అన్నదమ్ములు వేరుపడినప్పుడు రాసుకున్నది. మడతల దగ్గర విడిపోతున్నదని బజారులో లామినేషను చేయించారు. వేడి ప్లాస్టికు కాగితానికి అతుక్కుపోయింది. లోపలి ఇనుమూ ఆమ్లమూ అట్లాగే వున్నాయి గనుక, అద్దం వెనుక మంట అంటుకున్నట్లు, ప్లాస్టికు లోపలే అక్షరాలు పొడి అయినాయి. ఇప్పుడు దాన్ని విప్పితే పొరతోపాటు రాతా వచ్చేస్తుందట. పొలాల హద్దులు చక్కగా కనబడుతున్నవి. పోయినవి పేర్లు. ఎవరైనా వూరిపేరు, ఇంటిపేరు, చేవ్రాలు రాసేటప్పుడు కలం వొత్తి రాస్తారు. సిరా ఎక్కడ చిక్కగా పడితే అక్కడ ముందు రాలుతుంది. తాము యే వూరినుండి బయలుదేరి వచ్చారో ఆ కాగితంలో తప్ప మరెక్కడా రాసిలేదు. నెల్లూరు సీమ అన్నంతవరకు నోటిమాటగా నిలిచింది. వూరిపేరున్న చోట కన్నమున్నది. మనవంటి ఇళ్ళలో ఇది చిన్న నష్టం కాదు.

అందుచేత ఇంట్లో చేయదగినవి, చేయకూడనివి రెండు మాటల్లో చెబుతాను. లామినేషను వద్దు, జిగురు టేపు వద్దు. నీటితో కడగవద్దు. తడి తగిలితే విడి ఇనుము పక్కలకు పాకి అక్షరం చుట్టూ గోధుమరంగు వలయం కడుతుంది. మరక పోతుందని నిమ్మరసం మాట తలపెట్టవద్దు, మరకతోపాటు రాతా పోతుంది. కాగితాల మధ్య వార్తాపత్రికలు వేసే అలవాటు మనలో ఎక్కువ. వార్తాపత్రిక కాగితంలోనే ఆమ్లం వుంటుంది, అది తీసేయండి. ఆమ్లం లేని కాగితం పట్టణాలలో చిత్రకారుల సామాను అమ్మేచోట దొరుకుతుంది. మడత విప్పి, రెండు తాళ్ళ నడుమ బల్లపరుపుగా పెట్టి అట్టపెట్టెలో వుంచండి. వానకాలంలో గోడను ఆనుకున్న అలమారా మంచిది కాదు, తేమే ఈ వ్యాధికి ప్రాణం. చేతితో ఎత్తకుండా కింద ఒక అట్ట పెట్టి కదిలించండి. సిరా మసిదో ఇనుముదో తెలియకపోతే ఇనుముదే అనుకోండి.

అన్నింటికంటె ముందు ఫోటో తీయండి. పగటి వెలుతురులో, నీడ పడకుండా, ఒకసారి ఎదురు వెలుతురుతోనూ ఒకసారి పక్క వెలుతురుతోనూ. ఫోటో తీయడంతో పని సగమే అయినట్లు. పాత దస్తావేజులు చాలావరకు గొలుసుకట్టు రాతలో వుంటాయి. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించి రాసిన ఆ రాతను చదవగలిగే పెద్దలు ఒక్కొక్క వూరిలో ఒకరో ఇద్దరో మిగిలివుంటారు. మన పిల్లలలో చాలామందికి అచ్చుతెలుగు చదవడమే కష్టంగా వున్నది. ఆ పెద్దలను కూర్చోబెట్టుకుని, వారు చదువుతుంటే విడి అక్షరాలలో మరొక పుస్తకంలో రాసిపెట్టండి. పిల్లలు కన్నడమో అరవమో ఒరియానో మరాఠీయో మాత్రమే చదివేవారైతే దాని పక్కనే ఆ లిపిలో కూడా రాయండి. పేర్లు, వూళ్ళ పేర్లు ముందు రాయండి, మిగతావి తరువాత. రాయడానికి పెన్సిలు మంచిది. అందులో వున్నది గ్రాఫైటు, మన మసి కుటుంబానిదే.